స్కూబా సామాను ఒంటికి ఒద్దికగా అమరాలంటే: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల శీర్షికకు వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం స్కూబా డైవింగ్ సామాను గురించే ఉన్నాయి. హైదరాబాదులోని ఈత కొలనుల్లో తొలి పాఠాలు నేర్చుకుని, సెలవులు దొరికినప్పుడు అండమాన్‌కో, కర్ణాటక తీరంలోని నేత్రాణికో, విశాఖపట్నం రుషికొండకో బయలుదేరే పాఠకులు అడిగిన సందేహాలు పైకి వేరువేరుగా కనిపించినా, వాటి మూలం ఒక్కటే. గొట్టాలు, గేజీలు, టార్చీలు, కెమెరాలు నీటిలో వేలాడుతున్నాయి, ఎక్కడో ఒకచోట తగులుకుంటున్నాయి, కావలసిన క్షణంలో చేతికి దొరకడం లేదు. అందువల్ల ఈసారి శీర్షికను పూర్తిగా ఈ విషయానికే కేటాయిస్తున్నాము.

ప్రశ్న: గచ్చిబౌలి వైపు ఒక కొలనులో శిక్షణ పొంది, మనమంతా హావ్‌లాక్ అని పిలిచే స్వరాజ్ ద్వీప్‌లో సముద్రపు డైవ్‌లు పూర్తిచేశాను. నా ప్రెషర్ గేజ్, ఆక్టోపస్ రెండూ పగడాల మీద ఈడ్చుకుంటూ వస్తున్నాయని అక్కడి ఇన్‌స్ట్రక్టర్ గారు హెచ్చరించారు. వాటిని ఎక్కడ, ఎలా కట్టుకోవాలి?
— ఒక పాఠకుడు, మణికొండ

జవాబు: సిలిండర్‌లో ఎంత గాలి మిగిలిందో చూపేది ప్రెషర్ గేజ్, గాలి అయిపోయిన తోటి డైవర్‌కు అందించే అదనపు రెగ్యులేటర్, అంటే ఊపిరి పీల్చుకునే సాధనం, ఆక్టోపస్. కొత్త డైవర్ల ఒంటి నుంచి తరచుగా జారి వేలాడేవి ఈ రెండే. నీటి అడుగున ప్రాణాన్ని అంటిపెట్టుకుని ఉండే వస్తువులు కూడా ఈ రెండే. అందుకే మీ ప్రశ్నకు కాస్త వివరంగా జవాబివ్వవలసి ఉంది.

ముందుగా గేజ్ సంగతి. సిలిండర్ మీద బిగించిన, గొట్టాలన్నీ బయలుదేరే రెగ్యులేటర్ మొదటి దశ నుంచి గేజ్ గొట్టం ఎడమవైపుకు దిగుతుంది. దాన్ని ఎడమ చంక కిందుగా ముందుకు తెచ్చి, గాలి నింపి తేలడాన్ని అదుపుచేసుకునే బీసీడీ జాకెట్‌కు ఎడమ ఛాతీ మీదనో, ఎడమ నడుము దగ్గరనో ఉన్న డీ రింగుకు, అంటే డీ అక్షరం ఆకారపు వలయానికి, ఒక క్లిప్పుతో తగిలించాలి. క్లిప్పు గేజ్ మెడకు దగ్గరగా ఉండాలి. గొట్టం మధ్యలో క్లిప్పు కడితే కిందిభాగం వేలాడుతూనే ఉంటుంది. తగిలించిన తరువాత గొట్టం ఒంటిని ఆనుకుని మెత్తని వంపు తిరగాలి తప్ప, రెండు చివర్లలోని లోహపు బిగింపుల దగ్గర మడత పడకూడదు. గొట్టాలు సాధారణంగా చిట్లడం మొదలయ్యేది ఆ బిగింపుల దగ్గరే. ఎడమ చేతి ఒక్కదానితోనే గేజ్‌ను విప్పి, ముఖం ముందుకు తెచ్చి, చదివి, తిరిగి తగిలించగలుగుతున్నారో లేదో కొలనులోనే చూసుకోండి. విప్పడం కష్టమైతే గేజ్ చూడటానికి బద్ధకిస్తారు, అప్పుడు దాన్ని ఎంత అందంగా కట్టుకున్నా ఫలితం ఉండదు.

వేలాడే సామాను చేసే నష్టం గాలి ఖర్చులో కూడా కనిపిస్తుంది. నీరు గాలికంటే సుమారు 800 రెట్లు చిక్కనిది, పైగా ఈదే వేగం రెట్టింపైతే నీరు వెనక్కు లాగే బలం నాలుగు రెట్లవుతుంది. ఒంటికి దూరంగా పొడుచుకు వచ్చిన ప్రతి వస్తువూ ఆ బలాన్ని పెంచుతుంది, ఆ శ్రమకు మనం ఊపిరితో మూల్యం చెల్లిస్తాము. ఒక లెక్క చూడండి. 20 మీటర్ల లోతులో పీడనం 3 బార్లు, అంటే నీటి పైనదానికి మూడు రెట్లు కాబట్టి, నీటి పైన నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషికి అక్కడ 60 లీటర్లు కావాలి. 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల గాలి ఉన్నదనుకుని, 50 బార్లు నిల్వగా వదిలేస్తే, మిగిలిన 1,650 లీటర్లు సుమారు 27 నిమిషాలకు సరిపోతాయి. అదే మనిషి శ్రమపడి నిమిషానికి 25 లీటర్ల చొప్పున పీలిస్తే అదే గాలి 22 నిమిషాలకే అయిపోతుంది. గాలి త్వరగా ఖర్చవడానికి భయం, అనుభవలేమి, ఎక్కువ బరువు కట్టుకోవడం వంటి కారణాలు ఇంకా ఉన్నాయి. అయితే వాటన్నిటిలోకీ ఒడ్డు మీదనే సరిదిద్దుకోగలిగినది సామాను అమరిక.

ఇక పగడాల మాట. గుండ్రటి బండల్లా పెరిగే పగడాలు ఏడాదికి సుమారు ఒక సెంటీమీటరు మాత్రమే పెరుగుతాయి. అంటే గేజ్ ఒక్కసారి గీరుకుపోయిన చోట కొన్నేళ్ల పెరుగుదల పోతుంది. దిబ్బలను నిర్మించే పగడాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు, పులికి ఉన్నంత రక్షణ వాటికీ ఉన్నది. అండమాన్ పగడాలు 2010లో సముద్రం వేడెక్కి పెద్ద ఎత్తున తెల్లబారి, అప్పటి దెబ్బ నుంచి ఎంతో కష్టం మీద కోలుకుంటూ వచ్చాయి. మన చేతిలో ఉన్న జాగ్రత్తనైనా మనం పాటించకపోతే వాటికి అన్యాయం చేసినట్టే అవుతుంది.

ఆక్టోపస్ విషయంలో నియమం వేరు. గేజ్ మీ కోసం, ఆక్టోపస్ మీ పక్కనున్నవారి కోసం. గాలి అయిపోయి కంగారుగా ఈదుకుంటూ వచ్చే మనిషి వెతకకుండానే అది కంటబడాలి, ఒక్క లాగుకు చేతికి రావాలి. గొట్టానికి పసుపు రంగు వేసేది అందుకే. గడ్డం నుంచి పక్కటెముకల కింది అంచుల వరకు రెండు గీతలు గీస్తే ఏర్పడే త్రికోణంలోనే దాన్ని ఉంచాలని చాలా శిక్షణ సంస్థలు నేర్పుతాయి. నోటిలో పెట్టుకునే మౌత్‌పీస్‌ను పట్టి ఉంచే సిలికాన్ రింగు గానీ, అయస్కాంతపు హోల్డర్ గానీ వాడవచ్చు. గట్టిగా లాగినప్పుడు ఊడిరాని ముడి మాత్రం ఎన్నడూ వేయకూడదు. జాకెట్ జేబులో కుక్కడం, నడుము పట్టీ కిందికి దోపడం రెండూ తప్పే. మౌత్‌పీస్ పైకి తిరిగి ఉంటే, పడవ నుంచి దూకగానే గాలి దానంతట అదే బయటకు పోవడం మొదలుకావచ్చు. కాబట్టి హోల్డర్‌లో పెట్టేటప్పుడు నోరు కిందికి ఉండేలా చూసుకోండి.

మరొక్క మాట. ప్రతి వస్తువుకూ ఒక స్థానం నిర్ణయించుకున్న తరువాత దాన్ని మార్చకండి. కరెంటు పోయిన ఇంట్లో అగ్గిపెట్టె ఎక్కడుందో చేతికి తెలిసినట్లు, మాస్కులో నీరు నిండి కళ్లు కనిపించని వేళ గేజ్, ఆక్టోపస్, జాకెట్‌లో గాలి నింపి వదిలే ఇన్‌ఫ్లేటర్ ఎక్కడున్నాయో చేతికి తెలిసి ఉండాలి. ఇన్‌స్ట్రక్టర్ పక్కనుండగా, కొలను లోతు తక్కువ ఉన్న చోట, కళ్లు మూసుకుని ఒక్కొక్క వస్తువునూ తాకి చూసుకునే అభ్యాసం చేయండి. ఈ అభ్యాసానికి సముద్రం అక్కరలేదు, మన ఊరి కొలను చాలు.

ప్రశ్న: డైవింగ్ దుకాణాల్లో ఒక్కో క్లిప్పు ధర చూసి ఆశ్చర్యపోయాను. అచ్చం అలాంటివే రాణిగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లో చాలా చౌకగా కనిపిస్తున్నాయి. వాటిని వాడవచ్చా?
— ఒక పాఠకుడు, సికింద్రాబాద్

జవాబు: వాడవచ్చు. రూపం, లోహం రెండూ పరిశీలించి కొనాలి.

రూపం విషయంలో, చిన్న గుబ్బను వేలితో వెనక్కు లాగితేనే తెరుచుకునే బోల్ట్ స్నాప్ మాత్రమే కొనండి. పక్కనుంచి నొక్కితే లోపలికి తెరుచుకునే స్ప్రింగు తలుపు కొక్కేలు, అంటే పర్వతారోహకులు వాడే కారాబైనర్ల వంటివి, డైవింగ్‌కు పనికిరావు. వల పోగు గానీ, దారం గానీ వాటికి ఒరుసుకుంటే తలుపును తోసుకుని తనంతట తానే లోపలికి దూరుతుంది, బయటకు మాత్రం రాదు. డైవర్లు వాటికి ఆత్మహత్య క్లిప్పులని పేరు పెట్టుకున్నారంటే వాటి ప్రమాదం అర్థం చేసుకోవచ్చు. రెండు వైపులా స్నాప్ ఉండే బోల్ట్ స్నాప్ ఒకటి అదనంగా తీసుకుంటే, పైకి వచ్చేముందు నీటి మీదికి వదిలే బోయా దారం చుట్టకు పనికివస్తుంది.

లోహం విషయంలో అడగవలసిన మాట "316 గ్రేడా, 304 గ్రేడా" అని. రెండూ స్టెయిన్‌లెస్ స్టీలే, రెండూ మెరుస్తాయి. 316లో 2 నుంచి 3 శాతం మాలిబ్డినం కలుస్తుంది కాబట్టి ఉప్పునీటి క్లోరైడు దానికి త్వరగా గుంటలు పెట్టదు. దుకాణంలో కొందరు అయస్కాంతం పెట్టి చూపించి, అంటుకోలేదు కాబట్టి మంచిదేనని చెబుతారు. ఈ రెండు గ్రేడులనూ అయస్కాంతం పెద్దగా ఆకర్షించదు కనుక ఆ పరీక్షతో వాటి తేడా తెలియదు. వస్తువు మీద 316 అన్న ముద్ర ఉన్నదా లేదా చూడండి. ఇత్తడి స్నాప్‌లు ఉప్పునీటికి పచ్చబడినా పనిచేస్తూనే ఉంటాయి. తాళం గుత్తుల కోసం పోతపోసి క్రోమ్ పూత వేసినవి మాత్రం కొనవద్దు. పూత లేచిపోయి, స్ప్రింగు బిగుసుకుపోయి, గేజ్ విప్పవలసిన సమయంలో అవి మొరాయిస్తాయి.

క్లిప్పును గొట్టానికి ఇనుప రింగుతో కలపవద్దు. అల్లిన నైలాన్ దారం రెండు మిల్లీమీటర్ల మందంది తీసుకుని, క్లిప్పు కంటిలోంచీ గొట్టం చుట్టూ రెండు మూడు చుట్లు తిప్పి, ముడివేసి, చివర్లను కాల్చి అతికించండి. లోహం లోహాన్ని పట్టుకుని బిగుసుకుపోతే నీటి అడుగున చేయగలిగింది ఏమీ ఉండదు. దారమైతే కోసి బయటపడవచ్చు. ఆ ఒక్క కారణంగానే అనుభవజ్ఞులు ప్రతి క్లిప్పును దారంతో కడతారు. ప్లాస్టిక్ కేబుల్ టైలు వాడేవారు కత్తిరించిన కొస అరచేతిని గీరకుండా నున్నగా చేయాలి. నూలు దారం తడిసి కుళ్లుతుంది కనుక దాని జోలికి పోవద్దు.

టార్చీ, చిన్న సామాను ఒంటికి ఆనించి ఉంచడానికి రబ్బరు పట్టీలు కావాలంటే పంక్చర్ దుకాణంలో పాత సైకిల్ ట్యూబు అడిగి తెచ్చుకుని, రెండు సెంటీమీటర్ల వెడల్పున రింగులుగా కత్తిరించుకోండి. ప్రపంచమంతటా గుహల్లో డైవ్ చేసేవారు దశాబ్దాలుగా వాడుతున్నది ఈ ట్యూబు ముక్కలనే.

ప్రశ్న: మా అమ్మాయి డైవింగ్‌కు వెళ్తూ కాలికి పెద్ద కత్తి కట్టుకుంటున్నది. సొరచేపల కోసమా అని అడిగితే నవ్వి ఊరుకుంటున్నది. ఆ కత్తి అవసరమేనా? దానివల్ల ప్రమాదం లేదా?
— ఒక తల్లి, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: అమ్మా, కత్తి సొరచేపల కోసం కాదు. చేపల వేటలో తెగిపోయి సముద్రంలో మిగిలిపోయిన వలలు, కంటికి కనిపించని సన్నని గాలపు తీగలు కాలికో, సిలిండర్ తలకో చుట్టుకుంటే కోసుకోవడానికి అది కావాలి. కాబట్టి మీ అమ్మాయి కోసే సాధనం వెంట ఉంచుకోవడం సరైన పనే. మార్చుకోవలసినవి దాని పరిమాణం, స్థానం.

పిక్క బయటివైపు కట్టిన పొడవాటి కత్తి తానే వలకు కొక్కెంలా తగులుకుంటుంది. తప్పనిసరిగా కాలికే కట్టుకోవాలంటే పిక్క లోపలివైపు కట్టుకోవడం మేలు. దానికంటే మంచిది, అరచేతిలో ఇమిడే చిన్న లైన్ కట్టర్‌ను గానీ, మొద్దు మొన ఉన్న కత్తెరను గానీ జాకెట్ భుజం పట్టీ మీదనో, నడుము పట్టీ మధ్యభాగానో అమర్చుకోవడం. ఏ చేయి చిక్కుకున్నా రెండవ చేయి దాన్ని అందుకోగలగాలన్నదే ఇక్కడ నియమం. సన్నని తీగను కోయడంలో కొక్కెం ఆకారపు బ్లేడు కత్తికంటే చురుకుగా పనిచేస్తుంది. కత్తిమొన ఒంటికి గుచ్చుకుంటుందన్న మీ భయానికీ అక్కడ తావుండదు.

కోసే సాధనాన్ని, నీటిలో మునగడానికి కట్టుకునే బరువుల బెల్టుకు మాత్రం తగిలించకూడదని ఆమెకు తప్పక చెప్పండి. ఆపదలో మొదట విప్పి వదిలేసేది సీసపు బరువుల బెల్టునే. దానితోపాటు కత్తి, టార్చీ కూడా అడుగుకు పోతాయి. పైగా ఆ బెల్టు బకిల్ మీదుగా మరే పట్టీ, గొట్టం, క్లిప్పు పోకుండా ఉండాలి. కుడిచేత్తో ఒక్కసారి లాగగానే బెల్టు అడ్డం లేకుండా జారిపోవాలి. విమానంలో వెళ్లేటప్పుడు కత్తి చెక్-ఇన్ సామానులో, టార్చీల లిథియం బ్యాటరీలు విడిగా తీసి చేతిసంచీలో ఉండాలి.

ప్రశ్న: లాగితే సాగి, వదిలితే వెనక్కు ముడుచుకునే స్ప్రింగు రిట్రాక్టర్లు గేజ్‌కు, టార్చీకి మంచివేనా?
— ఒక పాఠకుడు, తార్నాక

జవాబు: దిక్సూచి, రాతపలక వంటి తేలికైన వస్తువులకు ఫరవాలేదు. ఇసుక, ఉప్పు చేరితే వాటి స్ప్రింగు అరిగి బిగుసుకుపోతుంది, సన్నని దారం తెగుతుంది. బరువైన గేజ్‌కు, ఖరీదైన టార్చీకి బోల్ట్ స్నాపే నమ్మదగినది.

ప్రశ్న: వీడియోల్లో కొందరు డైవర్లు రెండు మీటర్ల పైబడిన పొడవాటి గొట్టాన్ని ఒంటి చుట్టూ తిప్పుకుని, రెండవ రెగ్యులేటర్‌ను మెడలో రబ్బరు దండలా వేసుకుంటున్నారు. వారి ఒంటి మీద వేలాడే వస్తువు ఒక్కటీ లేదు. నేనూ ఆ పద్ధతికి మారాలా?
— ఒక పాఠకుడు, కొండాపూర్

జవాబు: మీరు చూసిన అమరిక ఉత్తర ఫ్లోరిడాలోని నీటి గుహల్లో పుట్టింది. విలియం హోగార్థ్ మెయిన్ అనే గుహా డైవర్ తన సామానులో అక్కరలేనిదాన్ని ఒక్కొక్కటిగా తీసివేస్తూ, మిగిలినదాన్ని ఒంటికి అంటిపెట్టుకునేలా సర్దుకుంటూ పోగా స్థిరపడిన ఈ పద్ధతికి ఆయన మధ్యపేరు మీదుగానే హోగార్థియన్ అనే పేరు వచ్చింది. తరువాత జారడ్ జబ్లాన్‌స్కీ 1998లో స్థాపించిన గ్లోబల్ అండర్‌వాటర్ ఎక్స్‌ప్లోరర్స్ సంస్థ దాన్ని ఒక క్రమబద్ధమైన శిక్షణగా తీర్చి, గుహలు ఎరుగని సాధారణ డైవర్లకు కూడా నేర్పుతున్నది.

గొట్టం అంత పొడవు ఉండటానికి స్పష్టమైన కారణం ఉన్నది. ఇరుకైన గుహలో ఇద్దరు పక్కపక్కన ఈదలేరు, గాలి పంచుకుంటూనే ఒకరి వెనుక ఒకరు బయటకు రావాలి. అందుకు సుమారు 2.1 మీటర్ల గొట్టం కావాలి. గాలి లేనివారికి తన నోటిలో ఉన్న రెగ్యులేటర్‌నే అందించి, తాను మెడలో ఉన్నదాన్ని నోటికి తీసుకోవడం ఈ పద్ధతి మూలసూత్రం. కంగారులో ఉన్న మనిషి సాధారణంగా ఎదుటివారి నోటిలో పనిచేస్తున్నదాన్నే లాక్కుంటాడన్న అనుభవం దాని వెనుక ఉన్నది. అందించినది పనిచేసేదేనన్న నమ్మకం ఇద్దరికీ ఉంటుంది, మెడలోని రెగ్యులేటర్ ఎన్నడూ ఇసుకలో ఈడ్చుకుపోదు.

నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఏడాదికి ఒకటి రెండుసార్లు అద్దె సామానుతో, ముక్కూమొహం తెలియని తోటి డైవర్లతో దిగేవారు ఈ అమరికను తమంత తాముగా చేపట్టడం మంచిది కాదు. గాలి ఎవరు ఎవరికి ఏ గొట్టం నుంచి ఇవ్వాలన్నది జంటలో ఇద్దరికీ ఒకేలా తెలిసి ఉండాలి. మీరు నోటిలోది ఇవ్వబోతూ ఉండగా, వారు మీ ఛాతీ మీద పసుపు గొట్టం కోసం తడుముకుంటూ ఉంటే విలువైన క్షణాలు పోతాయి. పద్ధతి మీద నిజంగా ఆసక్తి ఉంటే, అది నేర్పే ఇన్‌స్ట్రక్టర్ దగ్గర మీ తోటి డైవర్‌తో కలిసి నేర్చుకోండి. నేర్చుకోకముందే మీరు తీసుకోగలిగిన భాగం ఒకటి ఉన్నది, అది నా దృష్టిలో గొట్టం పొడవుకంటే ముఖ్యమైనది. సంచీ సర్దుకునేటప్పుడు ఒక్కొక్క వస్తువునూ చేతిలోకి తీసుకుని, రేపటి డైవ్‌లో దీని పని ఏమిటని అడగండి. పగటి డైవ్‌కు మూడు టార్చీలు, పది మీటర్ల లోతుకు రెండు కత్తులు, ఎన్నడూ తీయని రాతపలక వంటివాటిని పడవలోనే ఉంచేయండి.

ప్రశ్న: నేను పెళ్లిళ్ల ఫోటోగ్రాఫర్‌ని. నీటి అడుగున ఫోటోలు తీయాలని కెమెరా పెట్టె, రెండు లైట్లు కొన్నాను. రెండు చేతులూ కెమెరాకే సరిపోతున్నాయి. దాన్ని మణికట్టుకు తాడుతో కట్టుకోవచ్చా?
— ఒక పాఠకుడు, అమీర్‌పేట

జవాబు: మీ వృత్తిలో కెమెరాను కంటికి రెప్పలా చూసుకోవడం అలవాటు. నీటిలో మాత్రం దానికంటే ముందు మీ చేతులు ఖాళీగా ఉండగలగాలి. పైకి వచ్చేటప్పుడు ఎడమచేయి ఇన్‌ఫ్లేటర్‌ను పట్టుకుని జాకెట్‌లో ఉబ్బుతున్న గాలిని వదులుతూ ఉండాలి. ఆ చేతికి కెమెరా కట్టి ఉంటే గాలి వదలడం ఆలస్యమై, అదుపు లేకుండా పైకి తేలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి మణికట్టు ఉచ్చు వద్దు, ఎడమచేతికి అసలే వద్దు. చుట్టలా సాగే తాడు, అంటే లాన్‌యార్డ్ ఒకటి తీసుకుని, ఒక కొసను కెమెరా పెట్టెను బిగించే అడుగు పళ్లేనికి, రెండవ కొసను బోల్ట్ స్నాప్‌తో కుడి ఛాతీ డీ రింగుకు తగిలించండి. లాన్‌యార్డ్ మధ్యలో నొక్కితే ఊడే బకిల్ ఉంటే, అవసరమైనప్పుడు ఒక్క నొక్కుతో కెమెరాను వదిలించుకోవచ్చు. ఫోటో తీయని సమయంలో లైట్ల చేతులు, అంటే లైట్లను పట్టి ఉంచే కడ్డీలు, మడిచి, మొత్తం పెట్టెను ఛాతీకి దగ్గరగా రెండు చోట్ల బిగించి ఉంచండి. ఒక్క చోటే తగిలిస్తే అది కాళ్ల మధ్య ఊగుతూ పగడాలకు తగులుతుంది.

కెమెరాతో పడవ నుంచి దూకవద్దు. మీరు దిగిన తరువాత పడవలోనివారు అందిస్తారు, పైకి వచ్చేటప్పుడు నిచ్చెన ఎక్కకముందే వారికి అందించండి. లైట్ల చేతులకు నీటిలో తేలే గొట్టాలు అమర్చి, నీటిలో కెమెరా మునగకుండా, తేలకుండా ఉండేలా సరిచేసుకుంటే మీ ఒళ్లు ఒకవైపుకు ఒరగదు. ఇవన్నీ కొలనులో, ఫోటోల సంగతి పక్కనపెట్టి, ముందు అభ్యాసం చేయండి. ఒకే లోతులో కదలకుండా నిలిచి ఉండటం ఇంకా అలవాటు కాకపోతే కెమెరాను ఇంటి దగ్గరే ఉంచమని గట్టిగా చెబుతున్నాను. ఫ్రేమ్ కోసం చూస్తూ మోకాళ్లతో పగడాల మీద ఆనుకునేవారిని చూస్తే మనసు కలుక్కుమంటుంది.

ప్రశ్న: ఉపరితలానికి వచ్చేముందు పైకి వదిలే నారింజ రంగు బోయాను ఎక్కడ పెట్టుకోవాలి? దాని దారపు చుట్టను జాకెట్‌కు కట్టుకోవచ్చా?
— ఒక పాఠకురాలు, నల్లకుంట

జవాబు: చుట్టి, రబ్బరు రింగు వేసి, తొడ జేబులోనో జాకెట్ జేబులోనో పెట్టుకోండి. జేబు లోపల చిన్న సాగే తాడు ఉచ్చు కుట్టించుకుని వస్తువులను దానికి తగిలిస్తే, ఒకటి తీయబోతే రెండవది జారిపోదు. ఇక రెండవ ప్రశ్నకు జవాబు, ఎట్టి పరిస్థితుల్లోనూ కట్టుకోకూడదు. బోయాలోకి గాలి ఊదగానే అది ఎంతో బలంతో పైకి దూసుకుపోతుంది. చుట్టలో దారం చిక్కుపడి, ఆ చుట్ట మీ ఒంటికి కట్టి ఉంటే మిమ్మల్ని కూడా ఈడ్చుకుపోతుంది. అంత వేగంగా పైకి రావడం ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. చుట్టను చేతితోనే పట్టుకోండి, చిక్కుపడితే వెంటనే వదిలేయండి. ఊదే ముందు దారం గేజ్ గొట్టానికీ, క్లిప్పులకూ దూరంగా ఉన్నదో లేదో తోటి డైవర్‌ను చూడమనండి.

ప్రశ్న: నాది సన్నని ఒళ్లు. అద్దె జాకెట్లు వదులుగా ఉండి పట్టీల కొసలు, గొట్టాలు ఒంటికి దూరంగా ఉబ్బి నిలబడుతున్నాయి. సొంత జాకెట్ కొనే స్తోమత ఇప్పుడు లేదు. ఏం చేయగలను?
— ఒక గృహిణి, మియాపూర్

జవాబు: జాకెట్ కొనవలసిన పని లేదు. రెండు బోల్ట్ స్నాప్‌లు, ఒక ఆక్టోపస్ హోల్డర్, రెండు మూరల నైలాన్ తాడు, నాలుగు ట్యూబు రింగులు ఒక చిన్న సంచీలో వెంట తీసుకువెళ్లండి. తాడును ముందే వలయాలుగా ముడివేసుకుంటే, గొట్టం చుట్టూ తిప్పి తనలో నుంచి తాను దూర్చి బిగించే ఉచ్చుతో క్షణంలో కట్టవచ్చు, డైవ్ తరువాత ఆనవాలు లేకుండా విప్పవచ్చు. డైవ్ కేంద్రంవారి సామాను కనుక వారితో ఒక మాట చెప్పి కట్టండి. ఏ మంచి కేంద్రమూ కాదనదు.

కేంద్రానికి వీలైనంత పెందలాడే చేరుకుని, సిబ్బందికి తీరిక ఉన్నప్పుడే అన్నిటికంటే చిన్న సైజు జాకెట్ అడిగి వేసుకుని చూడండి. జాకెట్‌లో గాలి నింపి, భుజాల దగ్గర అది పైకి లేస్తున్నదో లేదో గమనించండి. పట్టీలు బిగించిన తరువాత మిగిలిన కొసలను చుట్టి ట్యూబు రింగులో దోపండి, బరువుల బెల్టు కొసను మాత్రం దోపకుండా జానెడు స్వేచ్ఛగా వదలండి. ఇన్‌ఫ్లేటర్ గొట్టాన్ని ఎడమ భుజం మీది వెల్క్రో కిందుగా పోనివ్వండి. స్నార్కెల్ అవసరం లేని పడవ డైవ్ అయితే ఇన్‌స్ట్రక్టర్‌ను అడిగి దాన్ని పడవలో వదిలేయవచ్చు, పెట్టుకుంటే మాస్కుకు ఎడమవైపే పెట్టుకోవాలి, ఎందుకంటే రెగ్యులేటర్ గొట్టం కుడివైపు నుంచి వస్తుంది. చివరగా దూకే ముందు తోటి డైవర్ ఎదుట నిలబడి జాకెట్, బరువులు, బకిళ్లు, గాలి ఒక్కొక్కటే చూసుకున్న తరువాత, ముందుకు బోర్లా వంగి చూడండి. నీటిలో మీ భంగిమ అదే కాబట్టి, నిలబడినప్పుడు సర్దుకున్నట్లు కనిపించినవి కూడా ఏవి వేలాడతాయో అప్పుడు బయటపడుతుంది.

ప్రశ్న: సముద్రం నుంచి వచ్చిన రెండు నెలలకు సంచీ తెరిస్తే క్లిప్పులన్నీ బిగుసుకుపోయి ఉన్నాయి. మా ఇంట్లో బోరు నీళ్లతో కడిగాను. ఎక్కడ పొరపాటు జరిగింది?
— ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: పైపైన కడిగితే స్ప్రింగు గొట్టంలో చేరిన ఉప్పు పోదు. ఆరిన తరువాత అది గడ్డకట్టి గుబ్బను పట్టేస్తుంది. బోరు నీటిలోని సున్నం దానికి తోడవుతుంది. నల్లా నీటిని గోరువెచ్చగా చేసి, బకెట్లో అరగంట నానబెట్టి, నీటిలో ఉండగానే ప్రతి క్లిప్పు గుబ్బనూ పదిసార్లు ముందుకూ వెనక్కూ లాగండి. ఇప్పటికే బిగుసుకున్నవాటిని కొద్దిసేపు వెనిగర్ కలిపిన నీటిలో ఉంచి, మంచినీటితో బాగా కడిగితే చాలావరకు వదులవుతాయి. రెగ్యులేటర్‌ను నానబెట్టేముందు మొదటి దశ మూత గట్టిగా బిగించడం, నానుతున్నప్పుడు గాలిని బయటకు వదిలే పర్జ్ బటన్ నొక్కకపోవడం మరవకండి, లేకపోతే నీరు లోపలికి పోతుంది.

కొబ్బరినూనె, గ్రీజు, వాహనాల నూనెలు రబ్బరును పాడుచేస్తాయి కనుక సిలికాన్ గ్రీజు ఒక చుక్క మాత్రమే వాడండి. మిద్దె మీద ఎండలో ఆరవేయవద్దు, ఎండాకాలంలో కారు డిక్కీలో అసలే ఉంచవద్దు. నీడలో ఆరిన తరువాత ట్యూబు రింగులను సాగదీసి చూడండి, సన్నని పగుళ్లు కనిపిస్తే కొత్తవి కత్తిరించుకోండి. హోల్డర్ సిలికాన్ పట్టు సడలి ఆక్టోపస్ దానంతట అదే జారిపోతూ ఉంటే హోల్డర్ మార్చండి. నైలాన్ దారాల ముడుల దగ్గర పోగులు లేచి ఉంటే, తరువాతి ప్రయాణానికి సంచీ సర్దే రోజు దాకా ఆగకుండా, అప్పుడే కోసివేసి కొత్తవి కట్టండి.